కప్పు నిండా ఎండ

పోర్టో రికో కొండల్లో కరెంటు స్తంభాలన్నీ కూల్చి తుఫాను వెళ్ళిపోయింది. ఆ దిక్కుమాలిన ఎండ మాత్రం నిప్పులు చెరుగుతోంది. ఇంటి కప్పు నిండా సోలార్ ప్యానెళ్ళున్న మిగ్దాలియా దగ్గరికి, పక్కింటి ముసలావిడ ప్రొవిదెన్సియా తన ఇన్సులిన్ సీసా పట్టుకొచ్చింది.

"కాస్త మీ ఫ్రిజ్‌లో పెట్టమ్మా. ఈ వేడికి పాడైపోతుంది."

"మేం బ్యాటరీ పెట్టించుకోలేదు పిన్నీ. లైన్లో కరెంటు పోతే ఈ ప్యానెళ్ళూ ఆగిపోతాయట. అమ్మినవాడు ఆ ముక్క చెప్పి చావలేదు."

"ఇంత ఎండ పెట్టుకుని కరెంటు లేదంటావా? ఇష్టం లేదని చెప్పరాదూ."

మిగ్దాలియా ఆమె చెయ్యి పట్టుకుని పడగ్గదిలోకి లాక్కెళ్ళింది. ఆగిపోయిన ఆక్సిజన్ యంత్రం పక్కన, మంచం మీద ఎఫ్రాయిన్ ఒడ్డున పడ్డ చేపలా నోరు తెరిచి ఊపిరికోసం కొట్టుకుంటున్నాడు.

"నా మొగుడికే ఇవ్వలేకపోతున్నాను."

ముసలావిడ సీసాను కిటికీలో ఆ ఎండలోనే పెట్టేసి, అట్టముక్క తీసుకుని అతనికి విసరసాగింది.