నాన్న పోలిక

నా భార్య ఇర్యాకీ, ఆమె అక్క హెల్వికీ చిన్నప్పటి నుంచే షుగర్. ఇద్దరూ ఇన్సులిన్ సూదులతోనే పెరిగారు. వాళ్ల నాన్నకూ అదే జబ్బు. ఆయన మా ఊరు కెమి రేవులో మంచు పగలగొట్టే ఓడ మీద పనిచేసి, ముసలితనం దాకా కళ్లూ కాళ్లూ చెడకుండానే పోయాడు. మేనత్తకు మాత్రం అదే జబ్బుతో నడివయసులోనే కాలు తీసేశారు. ఇర్యాది నాన్న పోలిక, హెల్విది అత్త పోలిక అని ఆ ఇంట్లో అనుకునేవాళ్లు.

హెల్వి పెళ్లి చేసుకోలేదు. రొట్టె ముక్కను తూచి తినేది. బూటు తొడుక్కునే ముందు లోపల చెయ్యి పెట్టి రాయేమైనా ఉందేమో తడిమి చూసేది. కళ్ల పరీక్ష ఒక్కటీ తప్పేది కాదు. ఇర్యా సంతలో చేపలమ్ముతుంది. కాఫీతో యాలకుల బన్ను తినేసి, ఆనక ఉజ్జాయింపుగా సూది వేసుకునేది. ఆసుపత్రి నుంచి పిలుపు వస్తే, ఏమీ లేదని చెప్పించుకోడానికి అంత దూరం పోవాలా అనేది. డాక్టర్లు నీకు పతకం ఇస్తారని అక్కను ఏడిపించేది.

నిరుడు శరదృతువులో హెల్వి కాళ్లు వాచాయి. రెండు కిడ్నీలూ దాదాపు పోయాయన్నారు. ఎంత జాగ్రత్తగా ఉన్నా కొందరికి ఇలా అవుతుందనీ, అందులో ఆమె తప్పేమీ లేదనీ డాక్టరమ్మ చెప్పింది. ఆ మాట హెల్వికి ఓదార్పు కాలేదు. వారానికి మూడుసార్లు డయాలసిస్ మొదలైంది.

నా కిడ్నీ ఒకటి ఇస్తానంటే, నాకు బీపీ ఉందని వద్దన్నారు. ఇర్యా తనది తీసుకోమంది. షుగర్ ఉన్నవాళ్లది తీసుకోరని చెప్పినా వినలేదు, ముందు పరీక్ష చేసి చూడమని పట్టుబట్టింది. చేశారు. ఆమె కిడ్నీలు శుభ్రంగా ఉన్నాయి.

"బాగున్నాయంటున్నారుగా, మరి తీసుకోరేం?" అంది ఇర్యా.

"ఇవాళ బాగున్నాయమ్మా. రేపు మీకు ఆ రెండూ కావాలి," అంది డాక్టరమ్మ.

ఇర్యాకు అబద్ధం చేతకాదు. ఆ సాయంత్రమే అక్క వంటింట్లో కూర్చుని ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది. హెల్వి చాలాసేపు గిన్నె తోముతూనే ఉంది.

"నీ పెళ్లి కేకు కూడా ముట్టుకోలేదే నేను," అంది చివరికి, వెనక్కి తిరగకుండానే. ఇక డయాలసిస్‌కు వెళ్లనంది. మమ్మల్ని ఇంటికి పొమ్మంది.

అన్నమాట ప్రకారమే, తీసుకెళ్లడానికి వచ్చిన టాక్సీని రెండుసార్లు వెనక్కి పంపేసింది. మూడోసారి మేం వెళ్లేసరికి మొహం ఉబ్బి, పడుకుంటే ఊపిరాడక కుర్చీలో కూర్చుని ఉంది. ఇర్యా ఆమె కాళ్ల దగ్గర నేల మీద కూర్చుంది. బతిమాలుతుందనుకున్నాను. బతిమాలలేదు.

"భయమేస్తోందక్కా. అంత జాగ్రత్తగా ఉన్న నీకే వచ్చింది. ఇంక నాకు రాదని ఎవరు చెప్తారు? నాది నాన్న పోలికని అసలు ఎవరన్నారు?"

"నేనే అన్నాను. సూది చూసి మంచం కింద దూరేదానివి. నీకేం కాదు, నువ్వు నాన్నలా ఉంటావు అంటే బయటికొచ్చేదానివి."

"మరి నీది అత్త పోలికని?"

"నువ్వు అడిగావుగా, మరి అత్తలా ఎవరుంటారని. నేనుంటాలే అన్నాను." హెల్వి ఊపిరి కూడదీసుకుంది. "అన్నాక, నాకది నిజమే అనిపించింది. రోజూ భయపడ్డాను."

ఇర్యా ముందుకు జరిగింది. అక్క పాదాలు రెండూ ఒళ్లో పెట్టుకుని, ఆ వాపు మీద ఎలాగో మేజోళ్లు ఎక్కించింది. హెల్వి వద్దనలేదు. ఇద్దరం చెరో వైపు పట్టుకుని కారెక్కించాం.

హెల్విని మిషను దగ్గర పడుకోబెట్టాక, ఇర్యా అదే ఆసుపత్రిలో కళ్లు చూపించుకుంది. ఎడమ కంటి వెనక రక్తం చిమ్మి ఉందన్నారు. ఎప్పటి నుంచో చెప్పలేమన్నారు. రెండుసార్లు లేజర్ పెట్టారు. అయినా ఆ కంటికి ఇప్పుడు చేప పొలుసు కనబడదు.

మార్పిడి కోసం హెల్వి పేరు నమోదైంది. ఒక కిడ్నీ దొరికిందని ఒకసారి ఫోను వచ్చి హెల్సింకి దాకా వెళ్లాం. ఆ కిడ్నీ ఆమెకు సరిపడదని తేలి తిరిగొచ్చాం. దారి పొడవునా అక్కచెల్లెళ్లిద్దరూ వెనక సీట్లో చేతులు పట్టుకుని కూర్చున్నారు. ఇప్పటిదాకా మళ్లీ ఫోను రాలేదు.