పదకొండు వారెంట్లు

పాలబండి అక్క అంటే ఆ చుట్టుపక్కల పద్నాలుగు ఊళ్లలో తెలియనివాళ్లు లేరు. పద్దెనిమిదేళ్లుగా వ్యానులో ఊరూరా తిరిగి, పాల క్యాన్లు ఎక్కించుకొని డెయిరీకి చేర్చడం ఆమె పని. ఎంత గోతుల రోడ్డయినా చుక్క పాలు తొణకనివ్వదని పేరు. ఆ పేరు చెవిన పడే, పట్నంలోని పెద్దాసుపత్రి డాక్టరమ్మ స్వయంగా ఇంటికి వచ్చి అంబులెన్సు నడపమని అడిగింది. ఆ తర్వాత రెండు రోజులూ అక్క కాళ్లు నేల మీద ఆనలేదు.

ఉద్యోగానికి ఒకే ఒక్క కాగితం తక్కువైంది. తన మీద కేసులేవీ లేవని పోలీసులిచ్చే సర్టిఫికెట్టు. అదెంత పనిలే అనుకొని, గురువారం పాలు దించేసి స్టేషనుకు వెళ్లింది. అక్కడి రైటరు కంప్యూటరులో ఆమె పేరు కొట్టాడు. తెర వైపు చూశాడు. ఆమె వైపు చూశాడు. మళ్లీ తెర వైపు చూశాడు.

"అక్కా, నీ మీద వారెంటు ఉందే!"

"నా మీదా? నేనేం చేశాను బాబూ?"

"ఐదేళ్ల కిందట బ్రేకు లైటు వెలగలేదని కేసు రాశారు. వాయిదాకు నువ్వు పోలేదట. రానివాళ్లను పట్టుకొని తెమ్మని జడ్జి గారు వారెంటిచ్చారు. అది ఇంకా అలాగే ఉంది."

"పోకపోవడమేంటి! పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ మెట్ల మీదే కూర్చున్నాను కదా!"

"అదంతా నాకు తెలీదక్కా. మేం తీసుకెళ్తే ఒక తీరు, నీ అంతట నువ్వే వెళ్తే ఒక తీరు. ఇప్పుడే సూటిగా కోర్టుకు వెళ్లు."

కోర్టు అక్కడికి రెండు వీధుల అవతలే. ఆ రెండు వీధులూ ఆమెకు రెండు ఆమడల్లా తోచాయి. ఎదురొచ్చిన ప్రతి కానిస్టేబులూ తన కోసమే వస్తున్నట్టు అనిపించింది.

జడ్జి గారు సెలవులో ఉన్నారు. సోమవారం గానీ రారు. వరండా చివరి గదిలో, లాయరును పెట్టుకోలేని వాళ్ల కోసం ఒక వకీలమ్మ కూర్చుంటుందని గుమాస్తా చెప్పాడు. సన్నగా, కళ్లజోడు ముక్కు చివరికి జారిన మనిషి. అక్క చెప్పిందంతా విని, "కంగారు పడకండమ్మా. సోమవారం మీరే వచ్చి నిలబడతారని ఇవాళే అర్జీ వేస్తాను. అప్పటిదాకా మిమ్మల్నెవరూ ముట్టుకోరు. వారెంటు రద్దు చేయించడం పావుగంట పని," అంది.

అర్జీ టైపు చేసేలోపు అక్క బయటికి వచ్చింది. గోడ మీద గాజు పెట్టెలో, ఇంకా దొరకనివాళ్ల జాబితా అంటించి ఉంది. తన పేరు వెతుక్కుంటూ వేలు కిందికి జరిపింది. దొరికింది. పక్కనే వాయిదా తేదీ. పై పేరుకూ అదే తేదీ. కింది పేరుకూ అదే. లెక్కపెట్టింది. ఒకే తేదీ మీద పదకొండు పేర్లు!

అప్పుడు ఆమెకు ఆ రోజు కళ్లకు కట్టింది. పాత కోర్టు తలుపుకు తాళం. మెట్ల మీద తానొక్కతే కాదు, ఇంకా పదిమంది దాకా ఉన్నారు. ఇప్పుడు తీస్తారు, ఇంకాసేపట్లో తీస్తారు అంటూ నాలుగింటి దాకా కూర్చొని, ఎవరి దారిన వాళ్లు పోయారు. తన పక్కన కూర్చున్న వడ్రంగి బాబాయి పేరు ఈ జాబితాలో నాలుగోది.

ఒక్క అంగలో వకీలమ్మ గదిలో పడింది. "అమ్మా, ఆ జాబితాలో నా వాయిదా తేదీకే పదకొండు పేర్లున్నాయి. పాత కోర్టు నుంచి ఇక్కడికి ఎప్పుడు మారారు?"

వకీలమ్మ గుమాస్తాను పిలిచింది. గుమాస్తా పాత డైరీ తిరగేసి, "కప్పు కురుస్తోందని మార్చారు. సరిగ్గా ఆ తేదీనే," అన్నాడు. "పాత తలుపుకు నోటీసు అంటించింది మాత్రం మూడో రోజున."

వకీలమ్మ కళ్లజోడు పైకి తోసుకుంది. "మీ ఒక్కరిదైతే పావుగంట అన్నాను. పదకొండూ అంటే రుజువు కావాలి. అందరూ రావాలి."

"వస్తారు. ఆ ఊళ్లన్నీ నా బండి దారిలోవే."

ఇంట్లో సంగతి విన్నాక, కుట్టు మిషను ముందున్న మొగుడు మొదట కంగారు పడ్డాడు, తర్వాత నవ్వాడు. "బండికి బ్రేకు లైటు లేదని పట్టుకున్నారు గానీ, నీ నోటికి బ్రేకు లేదని పట్టుకోలేదు, నయం. నీది నువ్వు చూసుకొని బయటపడక, ఊరందరి బరువూ నెత్తినేసుకుంటావెందుకే?"

"నాది నేను చూసుకొని వచ్చేస్తే, రేపు వాళ్ల మొహాలు ఎలా చూడమంటారు?"

ఆయన సూది, దారం పక్కన పెట్టి, "పాత కోర్టు కాపలావాడు ఇంకా అక్కడే ఉన్నాడు. ఇప్పుడది విత్తనాల గోదాము. నా దగ్గరే చొక్కాలు కుట్టించుకుంటాడు," అన్నాడు.

కాపలావాడు ఏ కాగితమూ పారెయ్యని రకం. గేటు దాటిన ప్రతి మనిషి చేతా సంతకం పెట్టించడం అతనికి అలవాటు. చదవడం రానివాళ్లయితే వేలిముద్ర. కోర్టు మారిన సంగతి మాత్రం ఆ రోజు అతనికీ ఎవరూ చెప్పలేదు. రేకు పెట్టెలోంచి పాత రిజిస్టర్లు ఒక్కొక్కటే తీసి దుమ్ము దులుపుతుంటే అక్క పక్కనుంచి తొంగి చూసింది. ఐదోదానిలో ఆ తేదీ దొరికింది. పదకొండు మంది. వచ్చిన టైము, పోయిన టైము. తన సంతకం తానే తడిమి చూసుకుంది.

"ఈ పుస్తకం ఇలా ఇస్తావా అన్నా?"

"పుస్తకం ఇవ్వను. కావాలంటే పుస్తకంతో పాటు నేనొస్తాను," అన్నాడు కాపలావాడు దర్జాగా.

మనుషుల్ని కదిలించడమే కష్టమైంది. కొందరికి వారెంటు ఉన్నట్టే తెలియదు. తెలిసినవాళ్లు తలుపు ఓరగా తీసి మాట్లాడారు. వడ్రంగి బాబాయి అసలు ఒప్పుకోలేదు. సొంత దొడ్లో చెట్టు కొట్టాడని ఆయన మీద కేసు. ఒకసారి కానిస్టేబులు ఇంటికొచ్చి వెళ్లిన దగ్గర్నుంచి పట్నం మొహం చూడలేదు. ఎడమ కంట్లో శుక్లం ముదిరినా ఆసుపత్రికి పోలేదు. చేత్తో తడుముకుంటూనే చెక్క చిత్రిక పడుతున్నాడు.

"నా అంతట నేనే పోయి వాళ్ల చేతిలో పడమంటావా అమ్మాయ్?"

"నేనూ నీ పక్కనే నిలబడతాను బాబాయ్. పట్టుకుంటే ముందు నన్నే పట్టుకోమంటాను."

"నిన్ను పట్టుకుంటే పాలెవరు తెస్తారే?"

"అందుకే పట్టుకోరు!"

ముసలాయన నవ్వాపుకోలేకపోయాడు. వస్తానని మాత్రం అనలేదు. అయినా సోమవారం పొద్దున అక్క వ్యాను ఆపేసరికి, ఉతికిన చొక్కా వేసుకొని గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

ఖాళీ క్యాన్ల మధ్య సర్దుకొని కూర్చున్నారు అందరూ. పదకొండోవాడైన గొర్రెల కాపరి నిరుడే పోయాడు. అతని బదులు భార్య వచ్చింది, చేతిలో చావు సర్టిఫికెట్టుతో. "మనిషే పోయాడు. పోలీసు పుస్తకంలో ఆ మచ్చ ఎందుకుండాలి?" అంది.

కోర్టు హాలు చిన్నది. పదకొండు మందీ వరుసగా నిలబడేసరికి గోడకూ గోడకూ సరిపోయింది. జడ్జి గారు నడివయసు మనిషి, ఏడాది కిందటే వచ్చిన ఆవిడ. ప్రభుత్వం తరఫు లాయరు లేచి, "ఐదేళ్లు ఎందుకు రాలేదో వీళ్లే చెప్పాలి," అన్నాడు.

వడ్రంగి బాబాయి గొంతు సవరించుకున్నాడు. "భయపడ్డానమ్మా. తప్పు చేసినవాడి భయం కాదు. ఏం తప్పు చేశానో తెలియనివాడి భయం."

వకీలమ్మ రిజిస్టరు పైకి పంపింది. కాపలావాడు దాని వెనకే రెండడుగులు వేసి, గుమాస్తా కళ్లెర్ర చేస్తే ఆగాడు. జడ్జి గారు పేజీ చదివారు. కోర్టు డైరీ తెప్పించి పక్కన పెట్టుకున్నారు. ఒక్కో పేరూ వేలితో సరిచూశారు. ప్రభుత్వ లాయరును దగ్గరికి పిలిచి చూపించారు. అతను చూసి, మారుమాట లేకుండా వెళ్లి కూర్చున్నాడు.

అక్క ఒక అడుగు ముందుకు జరిగింది.

"మీరు కోర్టుకు రాకపోలేదు," అన్నారు జడ్జి గారు, కలం పక్కన పెట్టి. "కోర్టే మీకు దొరకలేదు. ఇది మా తప్పు. పదకొండు వారెంట్లూ రద్దు చేస్తున్నాను. ఈ సాయంత్రంలోపు స్టేషను రికార్డులోంచి తీసెయ్యాలి." అంతటితో ఆపలేదు. ఒక్కో కేసూ అక్కడికక్కడే విన్నారు. చనిపోయిన కాపరిదీ, అక్క బ్రేకు లైటుదీ కలిపి తొమ్మిది అప్పుడే మూసేశారు. మిగిలిన రెండింటికి వాయిదా ఇచ్చి, "ఈ బిల్డింగుకే రండి," అని నవ్వారు.

కాపరి భార్య రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. బయట వరండాలో ఒక్కసారిగా గోల మొదలైంది. ఒకరి చేతులు ఒకరు పట్టుకొని ఊపుకున్నారు. ఎప్పుడూ నవ్వని గుమాస్తా కూడా, జాబితా మీద ఎర్ర గీతలు గీస్తూ ఒక్కో పేరూ పైకి చదివాడు. చదివిన ప్రతిసారీ అందరూ కలిసి చప్పట్లు. "ఇది కోర్టమ్మా, కాస్త మెల్లగా," అంటూ వకీలమ్మ తానూ కొట్టింది. కాపలావాడు రిజిస్టరు చంకన పెట్టుకొని, ఊరేగింపులో పెళ్లికొడుకులా మెట్లు దిగాడు.

అందరూ వ్యాను ఎక్కాక అక్క అద్దంలోంచి వెనక్కి చూసింది. "బాబాయ్, నువ్వు ముందుకొచ్చి కూర్చో. ముందు ఆసుపత్రికి పోదాం."

"ఇవాళేనా?"

"ఐదేళ్లు చాలలేదా?"

కాదనే మనిషి లేడు ఆ వ్యానులో. ఆసుపత్రి వాకిట్లో బండి ఆగగానే డాక్టరమ్మ ఎదురొచ్చింది. "ఏమమ్మా, సర్టిఫికెట్టు దొరికిందా? ఎప్పుడు చేరతావు?"

"రేపు తెస్తానమ్మా, నేను చేరే సంగతి అప్పుడు మాట్లాడుకుందాం," అంది అక్క, ముసలాయన చెయ్యి పట్టుకొని దింపుతూ. "ముందు ఈయన కన్ను చూడండి."