పిట్టకు పెట్టిన చాయ్

రండి, దగ్గరికి జరిగి కూర్చోండి. ఆ మూల గుసగుసలు కట్టిపెట్టండి. ఫోన్లో పాట వింటున్న పెద్దమనిషీ, దాని గొంతు కాసేపు నొక్కెయ్యి నాయనా. బోధన్‌లో చచ్చినవాడి పేరు కోసం పెళ్ళాం కాకితో పందెం కాసిన కథ ఇది. ఇందులో అబద్ధాలన్నీ మొదట్లోనే చెప్పేస్తాను. ఆ తర్వాతవి నిజాలు, కాస్త ఓర్చుకోవాలి.

ఆత్మారాం చెరుకు ట్రాక్టరు నడిపేవాడు. తాగే రోజుల్లో అతను ఆవలిస్తే వీధిలో దోమలు తూలి గోడలకు కొట్టుకునేవి. అతని ఊపిరి సోకి, ట్రాలీలోని చెరుకు తూకానికి చేరేలోపే సగం పులిసిపోయేది. అయినా అందరికీ అతనంటే ప్రాణం. పెళ్ళికి పిలుపు, పుట్టువెంట్రుకలకు పిలుపు, కొత్త బండి కొంటే పిలుపు. దావత్‌లో అతను వేసిన వేషాలు చెప్పుకుని మర్నాడు వీధి వీధంతా నవ్వేది. ఇంటికెళ్ళాక వేసిన వేషాల సంగతి అతని భార్య నవతను ఎవరూ అడగలేదు.

పోయిన ఎండాకాలం అతని కళ్ళు పచ్చబడ్డాయి. నిజామాబాద్ దవాఖానలో డాక్టరు కాలేయం సంగతి చెప్పిన రోజే మందు మానేశాడు. నిజంగా మానేశాడు. చేతులు ఎంత వణికేవంటే, గ్లాసు పట్టుకుంటే చాలు, చాయ్ తనంతట తానే నురగ కట్టేది. సాయంత్రమైతే వైన్స్ ఎదురుగా వెళ్ళకుండా సందులోంచి చుట్టు తిరిగి, ఇషాక్ హోటల్‌కు వచ్చి కూర్చునేవాడు. ఇషాక్ ఏమీ అడక్కుండా చాయ్, ఉస్మానియా బిస్కెట్లు ముందు పెట్టేవాడు.

అప్పుడు చూడాలి జనాన్ని! దావత్‌లకు పిలవడం మానేశారు. పాత దోస్తు అరుణ్ అయితే హోటల్ ముందు బండి ఆపి మరీ అడిగేవాడు.

"ఏమన్నా, వదిన కొంగు వట్టుకోని చాయ్ తాగుతున్నవా? ఒక్క పెగ్గుకు ఏమైతదే?"

"సస్త రా," అని నవ్వేవాడు ఆత్మారాం.

"అందరం సచ్చేటోళ్ళమే గదనే!"

కానీ అప్పటికే ఆలస్యమైంది. వానలు మొదలయ్యేసరికి మంచం పట్టాడు. దవాఖానలో నవత చెయ్యి పట్టుకుని ఒక్కటే అడిగాడు.

"నా పిట్టకు మందు వెట్టనియ్యకు నవతా. తాగుబోతోడు సచ్చిండు అనొద్దు. మానినంక సచ్చిండు అనాలె."

తెలిసిందేగా, మూడో రోజున పోయినవాడికి ఇష్టమైనవన్నీ విస్తట్లో వడ్డించి సమాధి దగ్గర పెడతారు. పిట్ట వచ్చి ముట్టాలి. పిట్టంటే కాకే. అది ముట్టేదాకా బంధువులెవరూ ముద్ద నోట్లో పెట్టరు. ముట్టలేదంటే పోయినవాడి కోరిక ఏదో మిగిలిపోయినట్టు.

నవత అన్నం, కోడికూర, గుడ్డు పెట్టింది. ఇషాక్ తన హోటల్ చాయ్ ఒక గ్లాసు, బిస్కెట్లు తెచ్చి, చెప్పులు విడిచి విస్తరి పక్కన పెట్టాడు. మందు లేదు.

జనం విస్తరి చుట్టూ గోడ కట్టినట్టు నిలబడ్డారు. అందరూ ఒక్కసారే మాట్లాడుతున్నారు. ఆ జాతరలోకి దిగాలంటే గద్దయినా పోలీసు బందోబస్తు అడుగుతుంది. కాకులన్నీ కరెంటు తీగ మీద కూర్చుని తమాషా చూశాయి.

"మన కొడుకు చిన్నును మంచిగ చదివిపిస్తనయ్యా, వచ్చి ముట్టు," అని మొక్కింది నవత. తీగ మీద ఒక్క రెక్క కదల్లేదు.

"గట్ల ఒక్కపారే మానొద్దు," అన్నాడు ఒక పెద్దమనిషి. "తాగినన్ని దినాలు దున్నపోతు లెక్క ఉండె. మానంగనే పాయె."

తలలన్నీ ఊగాయి. అరుణ్ జేబులోంచి క్వార్టర్ సీసా తీశాడు. వాడి కళ్ళు నిజంగానే తడిగా ఉన్నాయి.

"వదినా, గిది పొయ్యకుంటే అన్న రాడు."

"ఆయన వద్దన్నడు. మానిండు ఆయన."

"మానుడేంది వదినా? పాణం బాగలేక ఆపిండు, గంతే."

"అల్లా కసం, ఒక్క సుక్క ముట్టలే," అన్నాడు ఇషాక్. "రోజు నా హోటల్లనే కూసుండె."

"నీకేం ఎరుక ఇషాక్ భాయ్? నువ్వు తాగనే తాగవాయె!" అన్నారెవరో. సమాధి దగ్గరే అందరూ పగలబడి నవ్వారు.

ఎండ నెత్తికెక్కింది. ఆత్మారాం తల్లి సాయవ్వ పాకుతూ వచ్చి కోడలి కాళ్ళు పట్టుకుంది.

"నా కొడుకు ఆకలితోని తిరుగుతున్నడే బిడ్డా. ఏం తాగితే ఏంది? తిని పోనియ్యే."

అంతసేపూ విస్తరికి అడ్డం పెట్టిన చేతిని నవత తీసేసింది. మొహం పక్కకు తిప్పుకుంది.

అరుణ్ సీసా మొత్తం ఆకు దొప్పలో వంచాడు. "అందరు దూరం జరుగుండ్రి. అన్న మన ముంగట తాగడు," అన్నాడు. జనం చెట్లదాకా వెనక్కి తగ్గారు. అలా చోటు ఖాళీ అయిందో లేదో, ఒక ముసలి కాకి తీగ మీదనుంచి దిగింది. దొప్ప వైపు చూసి, పక్కకు గెంతి, చాయ్ గ్లాసు దగ్గరున్న బిస్కెట్‌ను ముక్కున కరుచుకుంది. నవత చూసింది. ఇషాక్ చూశాడు. మిగతావాళ్ళకు కాకి వాలడమే కనిపించింది.

"ముట్టింది! మందు పొయ్యంగనే వచ్చింది!"

"బిస్కెట్ ముట్టింది!" అని అరిచింది నవత. "మందు ముట్టలే! వచ్చి సూడుండ్రి, దొప్ప నిండుగనే ఉన్నది!"

ఎవరొస్తారు? అందరూ ఆకలి మీద ఉన్నారు. సాయవ్వ చేతులెత్తి ఆకాశానికి మొక్కింది. అరుణ్ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. సాయంత్రానికి నవీపేట దాకా ఒకటే మాట పాకింది. ఇవాళ ఎవరిని అడిగినా ఆత్మారాం తాగి చచ్చాడనే చెబుతారు. ఆ పూట నవత మాత్రం నిండు దొప్ప ముందు కూలబడి, ఒకటే మాట గొణుక్కుంటూ ఉండిపోయింది.

"మానినవయ్యా. మానినవు. నాకెరుకే."

కాకి బిస్కెట్‌తో లేచి, బరువుకు కాస్త ఒరిగి ఎగిరింది. భోజనాల వైపు పోతున్న ఒకాయన ఆగి, దాన్ని చూసి జాలిగా తలాడించాడు.

"నీళ్ళు గల్పకుండ పోసిండ్రు గదనే, పాపం! మనిషైతే బండి మీద దింపుదుము, గిప్పుడు దాన్ని ఇంటికాడ ఎవలు దింపాలె?"