భవాని కారుకు తొలి గీత

వరస గదుల మా చాల్లో రోజూ నల్లా నీళ్ళతో తెల్లవారుతుంది. ఆ అమావాస్య మర్నాడు మాత్రం భూదేవి తిట్లతో తెల్లవారింది.

"వాని చేతులు పడిపోను. వాని బండి నడిరోడ్డు మీద ఆగిపోను. కండ్లు నెత్తికెక్కినయా వానికి."

భూదేవి నా పక్క గది మనిషి. ఆమె నోటి సంగతి కామాఠిపురంలో సగం మందికి తెలుసు. కానీ ఊరికే లేచే నోరు కాదది. వరండాలో మాల కడుతున్నదాన్ని, దారం అక్కడే వదిలేసి మెట్లు దిగాను. పూలమ్ముకునే దానికి పొద్దున్నే తీరికెక్కడిదని మీరడగొచ్చు. ఇలాంటి వాటికి నాకెప్పుడూ తీరికే.

గల్లీలో భవాని కారు చుట్టూ జనం మూగారు. వెనక ఎడమ మూల సొట్ట పడింది. ఎర్ర లైటు పగిలి కొన్ని ముక్కలు కింద రాలాయి. భవాని ఆ మూల మీద అరచెయ్యి పెట్టి నిలబడింది.

భవాని ఎవరో చెప్పాలి కదా. భూదేవి కోడలు, నరేష్ పెళ్ళాం. మా చాల్లో పరాయివాళ్ళ కార్లు నడిపిన మగవాళ్ళు చాలామందే ఉన్నారు. సొంత కారు కొని నడిపిన మనిషి మాత్రం ఈ పిల్ల ఒక్కతే. పాత కారే, కానీ తానే ముచ్చటపడి కొన్నది. పొద్దున ఫోరస్ రోడ్డు నుంచి నర్సమ్మలను ఆస్పత్రికి తీసుకెళ్తుంది, మధ్యాహ్నం బడి పిల్లలను ఇళ్ళకు చేరుస్తుంది. కారు గల్లీలోకి వచ్చిన రోజు నేను బంతిపూల దండ వేశాను. నేను ఎవరికీ పూలు ఉత్తగా ఇవ్వను. ఆ రోజు ఇచ్చాను.

అదే రోజు భవాని మామ కిష్టయ్య అందరి ముందూ ఒక షరతు పెట్టాడు. "నడుపుకో బిడ్డా, నేనొద్దన. కాని దీని మీద గీత పడ్డనాడు అమ్మేయాలె."

అంత మంచి మనిషి అంత కఠినంగా ఎందుకన్నాడో నాకు తెలుసు. కిష్టయ్య వర్లిలో పెద్ద బిల్డింగుల కింద కార్లు కడుగుతాడు. పడుచుతనం నుంచీ అదే పని. ఒకసారి ఒక సాబ్ కారు మీద ఎవరో గీత పెడితే నింద కిష్టయ్య మీద పడింది. ఆయన చెయ్యలేదు. అయినా ఆ బిల్డింగు పని మొత్తం పోయింది. ఆ ఏడాది ఆ ఇంట్లో పొయ్యి ఎలా వెలిగిందో పక్క గదిలో ఉన్న నేను చూశాను. అప్పటినుంచి కారంటే ఆయనకు గీతే గుర్తొస్తుంది. భవాని ఆ షరతుకు మారుమాట లేకుండా సరేనంది. ఇన్నాళ్ళూ ఒక్క గీత పడనివ్వలేదు. ఇరుకు సందుల్లో అద్దాలు మడుచుకుని, గొంతు పోయేలా జనాన్ని జరగమంటూ ఎంత జాగ్రత్తగా నడిపేదో.

ఇప్పుడు ఆ గీత పడింది. గీతేమిటి, సొట్టే పడింది.

"ఎవలూ కారును ముట్టకుండ్రి. సబూతు చెడిపోతది, సాక్ష్యముండది" అన్నాడు శంకర్రావు, కారును ముట్టుకుంటూనే. ఆయన మా గణపతి మండలి అధ్యక్షుడు. గణపతి పండగ రోజులు తప్ప ఏడాదంతా ఆయనకు పని ఉండదు, అందుకే ఎవరింట్లో ఏ గొడవైనా ఆయనదే. కారుకు కాస్త వెనక, గల్లీ మలుపులో ఉన్న ఇనుప స్తంభానికి ఆనుకుని విచారణ మొదలుపెట్టాడు. "ఇది పాల టెంపో పని. లేకుంటే నీళ్ళ ట్యాంకర్. ఫాక్‌లాండ్ రోడ్డు కాడికెల్లి రివర్స్‌ల వచ్చి ధక్కా ఇచ్చి పోయిండు."

"మంగేష్ దుకాణానికి కెమెరా ఉన్నది గద, అండ్ల చూద్దాం" అన్నాడు నరేష్.

"అది వాని షట్టర్‌నే చూస్తది" అన్నాను నేను. "ఇంకేం చూడదు."

"అయితే పోలీస్ చౌకీకి పోవుడే" అన్నాడు శంకర్రావు. అధ్యక్షుడికి చౌకీ అంటే పండగే. అక్కడ కుర్చీ వేస్తారు.

భూదేవి ఇవేమీ వినడం లేదు. "వానికి తిన్నది అరగకుంట పోను. వానికి నిద్ర పట్టకుంట పోను" అని ఆ గుద్దినవాడి మీద కొత్త కొత్త శాపాలు పెడుతోంది. నల్లా దగ్గర కిష్టయ్య తడిగుడ్డ పిండుతున్నాడు. పిండిన గుడ్డనే మళ్ళీ పిండుతున్నాడు.

"కిష్టన్నా, ఇయ్యాల వర్లికి పోలేదా?" అని అడిగాను.

"ఒంట్ల బాగలేదు" అన్నాడు, నా వైపు చూడకుండా.

భూదేవి తిట్టి తిట్టి అలసిపోయి కారు పక్కన గొంతుక్కూర్చుంది. "అయ్యో, పెట్టిన నిమ్మకాయలు గూడ కాపాడలేదు తల్లీ" అంటూ టైర్ల కిందికి చూసింది.

ప్రతి అమావాస్యకూ సాయంత్రం దీపం పెట్టాక ఆమె కారు నాలుగు టైర్ల ముందు నాలుగు నిమ్మకాయలు పెడుతుంది. మర్నాడు భవాని మొదటిసారి బండి కదిపినప్పుడు అవి చితకాలి. దాంతో దిష్టి పోవాలి. ఆమె ఆచారం అది.

భవాని కూడా వంగి చూసింది. నేనూ వంగాను. నాలుగు కాయలూ చితికి తొక్కలై ఉన్నాయి, గింజలతో సహా.

"అత్తా, ఇవి రాత్రి మంచిగనే పెట్టినవా?"

"నిండు కాయలు పెట్టిన. నా చేతులతోని పెట్టిన."

భవాని లేచి నిలబడింది. మూల మీద ఎవడైనా గుద్దితే నాలుగు టైర్ల కింద నాలుగు కాయలూ చితకవు. కారును ఎవరో నడిపారు. తాళంచెవి వాళ్ళ గదిలో తలుపు వెనక మేకుకు ఉంటుంది. అంటే నడిపినవాడు ఇంట్లోవాడే. అంతవరకు నాకూ తట్టింది. నరేష్ వైపు అనుమానంగా చూశాను కూడా.

అప్పుడు భవాని కారు ముందుకు నడిచింది. ముందు అద్దం తళతళ మెరుస్తోంది. వైపర్లు రెండూ పైకి లేపి నిలబెట్టి ఉన్నాయి.

వర్లిలో కార్లు కడిగేవాళ్ళందరికీ అది అలవాటు. తుడవడం అయిపోయాక వైపర్లు నిలబెట్టి పోతారు. సాబ్ కిందికి దిగి చూస్తే ఈ కారు పని అయిందని తెలియాలి. మా గల్లీలో ఆ అలవాటు ఒక్కరికే ఉంది.

ఎవరైనా కారును గుద్ది పారిపోతారు గానీ, గుద్ది, శుభ్రంగా తుడిచి పోతారా? నాకు నవ్వు గొంతుదాకా వచ్చింది. నోరు తెరిచేలోగా భవాని నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. ఇంకో చేత్తో మెల్లగా ఒక వైపర్ దింపింది, తర్వాత రెండోది. శంకర్రావు ఇంకా పాల టెంపో నంబరు గురించే మాట్లాడుతున్నాడు. నా బతుకులో నేను నోరు మూసుకున్న పూటలు చాలా తక్కువ. అది అందులో ఒకటి.

"చౌకీ వద్దు శంకరన్నా" అంది భవాని. "గుద్దినోడు దొరికినా దొరకకున్నా గీతైతే పడ్డది. మామ షరతు పెట్టిండు, నేను ఒప్పుకున్న. అమ్మేద్దాం."

జనం గొణుక్కున్నారు. భవాని నల్లా దగ్గరికి వెళ్ళి తాళంచెవి మామ ముందు చాపింది. "తీస్కో మామా. గిరాకీని నువ్వే చూడు."

కిష్టయ్య ఆ తాళంచెవిని అందుకోలేదు. భూదేవికి మళ్ళీ దుఃఖం పొంగింది. "నా కోడలి బువ్వ తీసిండు. వాని చేతులు పడిపోను."

"ఇగ ఆపవే" అన్నాడు కిష్టయ్య. "ఆ చేతులు నావే."

శంకర్రావు పాల టెంపో నంబరు మరిచిపోయాడు.

"వర్లికి పోదామని పొద్దుగాల లేసిన. మేకుకు చావి కనబడ్డది" అని చెప్పుకొచ్చాడు కిష్టయ్య, తల వంచుకుని. "ఎన్నేండ్లాయె కార్లు తుడవబట్టి. సీట్లు తుడిచిన, స్టీరింగ్ తుడిచిన. ఒక్కడు గూడ కూసో కిష్టయ్యా అనలే. ఇదైతే మనదే గదా అనిపించింది. చూసీ చూసీ నడుపుడు వచ్చినట్టే ఉండె. ముందుకు మంచిగ పోయింది. మళ్ళ జాగల పెడదామని ఎనక్కి తెస్తే మలుపు కాడి గా గుంజ తగిలింది. చెత్త బండి చప్పుడుల ఎవ్వలికి ఇనబడలే."

అందరం శంకర్రావును చూశాం. ఆయన ఉలిక్కిపడి, అంతసేపూ ఆనుకున్న స్తంభాన్ని వదిలి పక్కకు జరిగాడు. దాని మొదట్లో, ఆయన చెప్పుల కిందే, మిగతా ఎర్ర లైటు ముక్కలు.

"గుద్దినంక మళ్ళ తుడిచినవెందుకు కిష్టన్నా?" అని అడిగాను, ఇక ఆగలేక.

"దుమ్ముండె" అన్నాడు.

ఎవరు ముందు నవ్వారో తెలియదు. నరేష్ నవ్వి నవ్వి కారు మీద వాలిపోయాడు. భూదేవి మాత్రం నవ్వలేదు. కొంగు సరిచేసుకుని, ఆకాశం వైపు చూసి చేతులు జోడించింది. "తల్లీ, చేతుల ముచ్చట మర్చిపో. బండి ఆగిపోవాలన్న గద, అది గూడ మర్చిపో, అది మా బండే. అరగకుంట పోను అన్నది మాత్రం ఈ ఒక్కపూట ఉండని."

కిష్టయ్య నవ్వలేకపోయాడు. "షరతు పెట్టింది నేనే, గీత పెట్టింది నేనే. ఏ మొకం పెట్టుకోని..."

"మామా" అంది భవాని. "ఆ వర్లి సాబ్ నువ్వు చెయ్యని గీతకు నీ పని తీసేసిండు. నువ్వు చేసిన గీతకు నేను నిన్ను తీసేస్త అనుకున్నవా?"

ఆయన తల ఎత్తాడు. తడిగుడ్డతోనే మొహం తుడుచుకున్నాడు.

"నువ్వు చెప్తవని నాకెరుకే. అమ్ముడు మాట నీతోని చెప్పించెటందుకే అన్న" అంది భవాని. పగిలిన లైటుకు ఎర్ర టేపు అతికించి, హారన్ కొట్టుకుంటూ నర్సమ్మల కోసం వెళ్ళిపోయింది.

మళ్ళీ అమావాస్య వచ్చేసరికి కిష్టయ్య డాక్టరు కాగితం తెచ్చుకుని లెర్నింగ్ లైసెన్సు తీసుకున్నాడు. మర్నాడు పొద్దున్నే స్టీరింగ్ ముందు ఆయన, పక్కన భవాని, వెనక సీట్లో భూదేవీ నేనూ. గల్లీ మలుపులో స్తంభానికి శంకర్రావు మండలి తరఫున పాత పరుపు చుట్టించాడు. కిష్టయ్య అంతమంది చూస్తుండగా బండి కదిపాడు. నిమ్మకాయలు చితికిన చప్పుడుకు భూదేవి కళ్ళు మూసుకుని దండం పెట్టింది.

మెల్లగా, సైకిళ్ళు కూడా మమ్మల్ని దాటిపోతుండగా, వర్లి చేరాం. తాను కార్లు కడిగే బిల్డింగు ముందు ఆపాడు. వాచ్‌మన్ గేటు దగ్గర నుంచి నోరు తెరుచుకుని చూస్తున్నాడు. కిష్టయ్య దిగి, గుడ్డ తీసి అద్దం తుడిచి, అలవాటుగా రెండు వైపర్లూ పైకి లేపాడు.

లేపి ఆగాడు. లోపల కూర్చున్న మమ్మల్ని చూశాడు, ఖాళీగా ఉన్న డ్రైవర్ సీటును చూశాడు. వైపర్లు రెండూ మళ్ళీ దింపి, వచ్చి తన సీట్లో కూర్చున్నాడు.