బీడీ పొగ మీద వేసిన నింద

నా నోరు మంచిది కాదు. పుట్టిన ఊళ్లో అయినా, సూరత్‌లో అయినా అందరిదీ అదే మాట. పదేళ్ల కిందట ఆ నోటితోనే మా ఆయన ముత్యాన్ని ఇంట్లోంచి వెళ్లగొట్టాను.

గొడవంతా కంప్యూటర్ గురించి. చీరల ఎంబ్రాయిడరీ డిజైన్లు వేయడానికి కొన్నది, పాలమీగడ రంగుది. ఏడెనిమిదేళ్లకు దాని పైడబ్బా అంతా పసుప్పచ్చబడింది. సోడా వేసి రుద్దాను, నిమ్మకాయ పెట్టి రుద్దాను. ఊహూఁ, పోలేదు. ఇంట్లో బీడీ తాగేది ఆయనొక్కడే. "నీ పాడు పొగకు నా కంప్యూటర్ ఆగమైంది. నీకు బీడీ కావాల్నా, ఇల్లు కావాల్నా?" అన్నాను. ఆయన చాప చుట్టుకుని, ఊరవతల జోల్వాలో తాను మగ్గాలు నడిపే కార్ఖానా గదికి పోయాడు. ఏటా దసరాకు వస్తాడు, గడపలోనే చాయ్ తాగి వెళ్తాడు. కోసాడ్‌లోని మా క్వార్టర్లో నేనొక్కదాన్నే. పోతే పోనీ అని పైకి అన్నాను కానీ, మొదటి ఏడాదంతా ఏడ్చాను. ఒక్కదానికి వండుకుంటే కూర కూడా రుచి ఉండదు.

మొన్న ఆ కంప్యూటర్ ఆగిపోతే, పక్కనే అమ్రోలీలో రిపేర్లు చేసే మన తెలుగబ్బాయి వినోద్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆ రంగు చూసి ఏమనుకుంటాడోనని మా ఆయన బీడీల సంగతి ముందే చెప్పేశాను. వినోద్ నవ్వాడు.

"బీడీ కాదు ఆంటీ. పొగ మరకైతే తుడిస్తే జరంతన్న పోతది. నిప్పంటుకోవద్దని ఈ ప్లాస్టిక్‌ల ఒక మందు కలుపుతరు. ఏండ్లు గడిస్తే దానికే ఇట్ల పసుప్పచ్చగైతది. వెలుతురు తగిల్తే జల్ది, తగలకుంటే మెల్లగ."

అటక మీంచి ఒక పాత కీబోర్డు దించాడు. అట్టపెట్టెలోంచి ఎన్నడూ బయటికి తీయనిది. అదీ పసుప్పచ్చగానే ఉంది.

"దీని ముంగట బీడీ ఎవరు తాగిన్రు చెప్పు?"

ఆ కీబోర్డును అటూ ఇటూ తిప్పి చూశాను. దుకాణం బయటికొచ్చి ముత్యానికి ఫోన్ చేశాను.

"తప్పు నాదే. కంప్యూటర్ నీ బీడీలకు ఆగమైంది కాదట. ఇంటికి రా. లోపలనే కూసొని తాగు, నేనేమనను."

ఫోన్లో వెనక మగ్గాల చప్పుడు వినిపిస్తోంది.

"బీడీ ఇడిసిపెట్టి తొమ్మిదేండ్లాయె సీతా," అన్నాడు.

"మరి రాకపోతివేంది?"

"పిలుస్తవేమోనని చూసిన. రెండేండ్లు చూసిన. ఇగ ఈడనే అలవాటైంది. నువ్వు తిన్నవా?"

తిన్నానన్నాను. పనుందని ఆయన ఫోన్ పెట్టేశాడు.