వేపాకు పొగ మసి

నేను ఒక గాజు సీసాను. తేనె పోయడానికి పుట్టాను. నాలో పోసింది మాత్రం కందిరీగలను. కుట్టేవి కావులెండి, చీమకంటే చిన్నవి. బర్రెల మేతకు పెంచే లూసర్న్ గడ్డిని తినే ముక్కుపురుగు పిల్లల ఒంట్లో ఇవి గుడ్లు పెడతాయి. గుడ్డులోంచి వచ్చిన పిల్ల ఆ పురుగును లోపల్నుంచి తినేస్తుంది. పరిశోధన కేంద్రంలో నా మూతికి పలుచని గుడ్డ కట్టి, లోపల తేనెలో ముంచిన దూది వేలాడదీశారు. వాసనైనా దక్కింది.

వ్యవసాయాధికారి సర్వమంగళ నన్ను ఓబుళమ్మ ఇంటికి తెచ్చింది. ఓబుళమ్మకు మూడు బర్రెలు, అర ఎకరం లూసర్న్. ఆకులు జల్లెడలయ్యాయి, పాలు సగానికి పడ్డాయి. మందు కొడదామంటే మర్నాడు ఆ గడ్డే బర్రెల నోట్లోకి పోవాలి.

"పొద్దు వాలినాక చేనులో గుడ్డ విప్పక్కా. అంతవరకు నీడన పెట్టు," అని చెప్పి వెళ్ళింది సర్వమంగళ.

నీడ అనగానే ఓబుళమ్మ పెనిమిటి చెన్నకేశవులు నన్ను కొట్టంలో వాసానికి కట్టాడు. బాగానే ఉంది. కానీ దోమలకని రోజూ పెట్టే వేపాకు పొగ ఆ రోజూ పెట్టాడు! బర్రెల మీదున్న దయలో వీసమెత్తయినా నా వాళ్ళ మీద లేకపోయింది. ఓబుళమ్మ వచ్చేసరికి నా అడుగున చిటికెడు నల్లపొడి మిగిలింది.

"దోమలకు పెడితే ఇవెట్ల సచ్చె?" అన్నాడాయన.

"దోమల దగ్గరికే పొమ్మని పొగకు చీటీ రాసిచ్చినావా?" అందామె.

పది రోజులకు నన్ను మళ్ళీ నింపి తెచ్చారు. ఈసారి ఓబుళమ్మ సాయంత్రం దాకా నన్ను ఒళ్ళోంచి దించలేదు. చేనులో గుడ్డ విప్పింది, అవి గడ్డిలోకి ఎగిరాయి. మూడో రోజే చెన్నకేశవులు వంగి చూసి, "ఒక్క పురుగూ సావలేదే!" అని మొదలుపెట్టాడు. నాటిన మూడో రోజుకే కాయ కావాలంటాడు ఈ మనిషి. కోత రోజున కొడవలితో చేనంతా గొరిగెయ్యబోయాడు కూడా.

"ఆ నాలుగు సాళ్ళు ముట్టుకోవాకు. వాటి కాపురం ఆడ్నే," అని ఆమె అడ్డం నిలబడింది.

రెండో కోతకు చిల్లులు తగ్గాయి. మూడో కోతకు బర్రెలు కడుపునిండా మేశాయి, పాలచెంబు పొంగింది.

పక్కచేను నాగరత్నమ్మ వచ్చి తనకూ కొన్ని కందిరీగలు కావాలని అడిగింది. కోయని సాళ్ళలో కందిరీగలు బయటికి రాబోయే బియ్యపుగింజంత గూళ్ళుంటే, ఓబుళమ్మ ఆకులతో సహా ఏరి నాలో వేసి గుడ్డ కట్టింది.

"యాడ పెట్టాల వదినా?"

ఓబుళమ్మ నోరు తెరిచేలోగా చెన్నకేశవులు గొంతు సవరించుకున్నాడు. "కొట్టంలో మాత్రం పెట్టొద్దు తల్లీ. వాటికి పొగ పడదు. ఆమాత్రం తెలీకపోతే ఎట్ల?"

నా మెడ చుట్టూ ఆనాటి మసి ఇంకా వదల్లేదు. ఓబుళమ్మ ఆ మసి పక్క ఆయన వైపు తిప్పి, కాసేపు అట్లాగే పట్టుకుని, ఆ తర్వాత నన్ను నాగరత్నమ్మకు అందించింది.