గంగమణి కాళ్ళు, బోధన్ కళ్ళు

నిజామాబాదులో చెప్పుల దుకాణదారు ఒకాయన గంగమణి కుడికాలు చూసి మొదట జాలిపడ్డాడు, తర్వాత కంగారుపడ్డాడు, ఎంతైనా వ్యాపారి కాబట్టి చివరికి నవ్వాడు.

"ఎడమ కాలుకైతే మస్తు మాల్ ఉన్నదమ్మా," అన్నాడు.

"గట్లనా? మరి కుడికాలు ఇంట్ల ఇడిసిపెట్టి రావాల్నా?" అంది గంగమణి.

ఆమె పుట్టిల్లు రెంజల్. చిన్నప్పుడు పసుపు కొమ్ముల బండి చక్రం ఒకటి ఆమె కుడిపాదం మీదుగా వెళ్ళింది. కట్టు కట్టినాయన ఎముకను అతికించాడు గాని, ఎటు చూస్తూ అతికించాడో తెలియదు. బొటనవేలు పక్కవేళ్ళ మీదికి వాలిపోయింది. దాని మొదట్లో ఎముక గోలీకాయలా పొడుచుకొచ్చింది. ఆ తర్వాత నలుగురు పిల్లల కాన్పులు ఆ పాదాన్ని ఇంకాస్త వెడల్పు చేశాయి. చెప్పులు తయారు చేసేవాళ్ళు ఆడదాని పాదాన్ని ఏ బొమ్మలో చూశారో గాని, దుకాణంలో ఉన్నవన్నీ తమలపాకు మొనలా సన్నంగా ఉన్నాయి. పొద్దున లేచి బర్రె పాలు పిండి, నలుగురికి తలలు దువ్వి, జొన్నరొట్టెలు కాల్చి, కుళాయి దగ్గర బిందెతో పోట్లాడే పాదం ఎట్లా ఉంటుందో వాళ్ళకెవరూ చెప్పినట్టు లేదు.

నిజానికి అప్పటిదాకా గంగమణికి చెప్పుల గొడవే లేదు. పేడకుప్ప దగ్గరికి వెళ్ళాలంటే మొగుడి పాత చెప్పులు వేసుకునేది, మిగతా లోకానికి ఒట్టి కాళ్ళతోనే వెళ్ళేది. గొడవంతా మొగుడి ప్రమోషన్‌తో వచ్చింది. బాలనర్సయ్య బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో చెరకు బండ్లు తూకం వేసే దగ్గర గుమాస్తా. ఆయన పనితనానికి మెచ్చి ఫ్యాను కింద కూర్చోబెట్టారు. ఫ్యానుతో పాటు క్వార్టర్ వచ్చింది, క్వార్టర్‌తో పాటు లేడీస్ క్లబ్బు వచ్చింది.

క్లబ్బుకు పెద్ద, ఆఫీసరు గారి భార్య శ్యామలమ్మ. ఇంట్లో ఇద్దరు పనివాళ్ళు, ఉన్న ఒక్క కొడుకు హైదరాబాదు హాస్టల్లో. కాబట్టి ఆమెకు అభిరుచి పెంచుకోవడానికి బోలెడంత తీరిక. నైలాన్ చీర కట్టి, ఎత్తు మడమల చెప్పులు టకటకలాడించుకుంటూ వచ్చి, మొదటి సమావేశంలోనే సెలవిచ్చింది: "ఆడదాని అభిరుచి మొహంలో కాదండీ, పాదాల దగ్గర తెలుస్తుంది."

గంగమణి పాదాలు రెండూ చాప కిందికి జరిగాయి.

నిజామాబాదు దుకాణానికి వెళ్ళి ఒట్టి చేతులతో తిరిగొచ్చాక ఆమె చీర పొడుగైంది. కుచ్చిళ్ళు నేలను ఊడ్చేలా కట్టేది. క్లబ్బు దాకా ఉన్న బాటను మునిసిపాలిటీ ఊడ్వకపోయినా గంగమణి చీర అంచు ఊడ్చేది. ఇంటికొచ్చాక ఆ అంచును రుద్ది రుద్ది ఉతుక్కోవడం కొత్త పని. అభిరుచి అంటే చాకిరీయేనని ఆమెకు అప్పుడే అర్థమైంది.

బాలనర్సయ్యకు మాత్రం అది చాలలేదు. "జర పైకొచ్చినం గంగమణీ. మన ఇజ్జత్ నిలబెట్టాలె," అన్నాడు. ఆఫీసు పని మీద హైదరాబాదు వెళ్ళి, వస్తూ వస్తూ డబ్బాలో ఒక జత తెచ్చాడు. మెరిసే తోలు, సన్నటి పట్టీ, మడమ కింద మేకులాంటి మొన.

"ఎవ్వల కాలు కొలిచి తెచ్చినవ్?" అంది గంగమణి.

"నీదే. నువ్వు పండుకున్నప్పుడు దారంతోని కొలిచిన."

"ఏ కాలు?"

బాలనర్సయ్య కొంచెం ఆలోచించాడు. "ఎడమది. కుడిది గూడ గంతే ఉంటదనుకున్న."

నలుగురు పిల్లల తండ్రి. భార్యకు రెండు కాళ్ళున్నాయని గమనించడమే గొప్ప అనుకుంది గంగమణి. అయినా తెచ్చిన మనిషి మొహం చూసి కాదనలేకపోయింది. కుడికాలును దాంట్లోకి పిండి కుక్కినట్టు కుక్కింది.

ఫ్యాక్టరీలో చెరకు ఆడటం మొదలైన రోజున క్లబ్బులో పేరంటం పెట్టారు. గంగమణి ఆ చెప్పులు వేసుకుని, చిన్నబిడ్డ లింగవ్వ చెయ్యి పట్టుకుని బయల్దేరింది. అడుగు వేసినప్పుడల్లా గోలీకాయ ఎముక నెత్తిలో మోగుతోంది. బాట పొడుగునా చెరకు బండ్లు ఒకదాని వెనక ఒకటి కదులుతున్నాయి. బోధన్‌లో పుట్టిన పిల్లలకు చెరకు బండి కనబడితే చెయ్యి ఊరుకోదు. లింగవ్వ చెయ్యి ఎప్పుడు విడిపించుకుందో తెలియదు. చూసేసరికి ముందు బండి వెనక వేలాడుతూ ఒక గడను లాగుతోంది. దాని వెనకే ఇంకో బండి ఎద్దులు వంచిన తలలతో వస్తున్నాయి.

"లింగీ! ఇడువు! ఇడువే!"

గడ ఊడి చేతికొచ్చింది, గడతో పాటు లింగవ్వ కిందపడింది. గంగమణి ఉరికింది. రెండో అడుగుకే మడమ మొన బండిజాడలో దిగబడింది. మోకాళ్ళ మీద పడింది. పట్టీ ఊడదు. గోళ్ళతో పీకింది, తెంపింది, రెండు చెప్పులనూ ఎటో విసిరేసి ఒట్టి కాళ్ళతో దూకి, ఎద్దుల మూతుల ముందు నుంచి బిడ్డను లాక్కుంది. బండివాడు పగ్గాలు బిగబట్టి కేకలేశాడు. చక్రం కర్రుమని ఆగింది.

లింగవ్వ ఏడవలేదు. గడను గట్టిగా పట్టుకునే ఉంది. గంగమణి మాత్రం బాట పక్కన కూలబడి, బిడ్డను పొట్టకు అదుముకుని, కాళ్ళూ చేతులూ తడిమి తడిమి చూసింది. పేరంటం పసుపు కుంకుమలు, లేడీస్ క్లబ్బు, ఇజ్జత్ ఏవీ ఆమెకు ఆ కాసేపు గుర్తు లేవు. చెవిలో ఎద్దుల ఊపిరి ఒక్కటే వినిపిస్తోంది.

బిడ్డను చంకనేసుకుని మట్టికాళ్ళతో ఇంటికొచ్చింది. బాలనర్సయ్య అరుగు మీద నిలబడి పైనుంచి కిందికి చూశాడు.

"చెప్పులేవి?"

"బిడ్డ దొరికింది. చెప్పులు దొరకలె," అంది గంగమణి, లోపలికి వెళ్ళిపోయింది.

సంగతి తెలిశాక ఆ మనిషి సాయంత్రం దాకా లింగవ్వను ఒళ్ళోంచి దింపలేదు. చెప్పుల మాట మళ్ళీ ఎత్తలేదు కూడా.

మర్నాడు పిల్లలు బడికి పోయాక గంగమణి గోడకున్న అద్దం తీసింది. చేతెడు అద్దం, మొహం తప్ప ఏదీ పట్టదు. దాన్ని నేల మీద గోడకు ఆనించి, ఎదురుగా నిలబడి, పుట్టిన తర్వాత మొదటిసారి తన పాదాలను తీరిగ్గా చూసుకుంది. అందంగా ఉన్నాయని అనిపించలేదు. అబద్ధం ఎందుకు? కాని నిన్న ఉరికినవి ఇవే. వీటిని దాచడానికి ఇన్నాళ్ళు రోడ్లు ఊడ్చాను కదా అని నవ్వొచ్చింది.

చెప్పులు కుట్టే ఎర్రన్న దగ్గరికి వెళ్ళి రెండు కాళ్ళూ ముందు పెట్టింది.

"గివి అక్కచెల్లెండ్లు ఎర్రన్నా, కవలపిల్లలు గాదు. దేనికి దానికే కుట్టు. కింద లారీ టైరు ఎయ్యి. బొటనవేలు దూర్చే తోలు ఉంగరం వద్దు. మీదికెల్లి గింత ఎడల్పు పట్టీ రావాలె. నేను ఉరికినా ఊడొద్దు."

ఎర్రన్న తల గోక్కున్నాడు. "ఆడోళ్ళకు గసొంటియి ఎన్నడు కుట్టలే అక్కా. అందరు నవ్వుతరు."

"నవ్వేటోళ్ళ కాళ్ళకు గాదు గద నువ్వు కుట్టేది?"

మొదట కుట్టిన పట్టీ సరిగ్గా ఎముక మీదికే వచ్చింది. గంగమణి విప్పించింది. బొగ్గుముక్కతో తోలు మీద తనే గీత గీసి ఇచ్చింది. రంగు దగ్గర మళ్ళీ వాదన. నలుపైతే కనబడదు, నలుగురి కళ్ళు పడవు అని ఎర్రన్న సలహా.

"దాసిపెట్టుడు అయిపోయింది. ఎర్రగ ఎయ్యి, కుంకుమ లెక్క. కుట్టు దారం పసుపుది పెట్టు."

చెప్పులు తయారయ్యాక చీర సంగతి చూసింది. ఎర్రటి చెప్పులు కుట్టించుకుని వాటి మీద కుచ్చిళ్ళు పరచడం తెలివితక్కువ. క్లబ్బు కోసం కొన్న నైలాన్ చీర పెట్టెలో పడేసి, వెడల్పు అంచు నారాయణపేట నూలుచీర తీసింది. చీలమండ పైకి బెత్తెడు ఎత్తి కట్టింది. కొంగు ఇంట్లో పనికి దోపినట్టే నడుముకు దోపింది. నేల మీది అద్దంలో చీర అంచు, దాని కింద ఎర్రటి పట్టీ, పసుపు కుట్టు. అటు తిరిగి చూసుకుంది, ఇటు తిరిగి చూసుకుంది. అంతలో పొయ్యి మీద పప్పు మాడింది. షోకుకు ఆమాత్రం ఖర్చు తప్పదనుకుని చట్టి దించింది.

బాలనర్సయ్య నోరు తెరిచాడు. "సిపాయి లెక్క ఉన్నవ్."

"మంచిదే. ఇంట్ల ఫౌజు ఉన్నది గద, నలుగురు."

క్లబ్బులో ఆమె అడుగు పెట్టగానే తలలన్నీ గుమ్మం వైపు తిరిగాయి. శ్యామలమ్మ చూపు మెల్లగా కిందికి దిగి, చెప్పుల దగ్గర ఆగి, అక్కడ చాలాసేపే కాపురం చేసింది.

"అయ్యో, గంగమణి గారూ! కాలికేమైనా జబ్బు చేసిందా? ఈ చెప్పులు డాక్టరు గారు రాసిచ్చారా?"

ఇంతకుముందైతే గంగమణి తల వంచుకునేది. ఆ ప్రశ్నలో ఆమె తప్పించుకోవడానికి ఒక సందు కూడా ఉంది. డాక్టరు చెప్పాడంటే అందరూ అయ్యో పాపం అని ఊరుకుంటారు.

"జబ్బేం లేదమ్మా," అంది. "షోకు కోసమే ఏసుకున్న."

ఒక మూల నుంచి పకపకా నవ్వు వినిపించింది. కోస్తా నుంచి వచ్చి బోధన్ పక్కన కాలవ కింద పొలం కొన్న రైతు ఇల్లాలు నాగేంద్రమ్మ ఆవిడ. ఎప్పుడూ కాళ్ళు చీరలో చుట్టుకుని గోడ వారగా కూర్చునేది. ఇప్పుడు కుచ్చిళ్ళు పైకి జరిపి తన మడమలు చూపించింది. నాట్లలో దిగీ దిగీ అవి బీడుభూమిలా పగిలి ఉన్నాయి.

"ఆ చేసినాయన్ని మా ఊరికోసారి పంపరా అండీ? ఆయ్, నేనైతే పచ్చరంగు వేయించుకుంటానండీ. గట్టు మీద నడిస్తే దూరం నుంచే కనబడాలి!"

"పచ్చది ఏసుకుంటే గట్టు మీద గడ్డిల కలిసిపోతవ్ నాగేంద్రమ్మా," అంది గంగమణి. ఈసారి చాలామంది నవ్వారు.

దాంతో బోధన్ ఆడవాళ్ళంతా ఎర్రచెప్పుల వాళ్ళయిపోయారని అనుకుంటే పొరపాటు. నాగేంద్రమ్మ కుట్టించుకుంది, ఇంకెవరో ఇద్దరు ముగ్గురు కుట్టించుకున్నారు. కొందరు గంగమణికి వెనక ఒక పేరు పెట్టారు, ముందు మాత్రం చీర ఎక్కడ కొన్నావని అడిగారు. శ్యామలమ్మ టకటకలు మానలేదు. వానాకాలంలో క్లబ్బు మెట్లు దిగేటప్పుడు మాత్రం పక్కన గంగమణి ఉందో లేదో చూసుకుని ఆమె భుజం మీద చెయ్యి వేసేది. గంగమణి భుజం ఇచ్చి దింపేది. బిడ్డల్ని దింపి దింపి ఆమెకది అలవాటే.

మరుసటి ఏడు దసరాకు బాలనర్సయ్య అందరినీ నిజామాబాదు స్టూడియోకు తీసుకెళ్ళాడు. ఫొటో తీసేవాడు గంగమణిని కుర్చీలో కూర్చోబెట్టి, అటూ ఇటూ చూసి, కాగితం పూల కుండీ ఒకటి తెచ్చి సరిగ్గా ఆమె పాదాల ముందు పెట్టాడు. "గిట్లయితే మంచిగ వస్తదమ్మా," అన్నాడు లోకజ్ఞానం ఒలకబోస్తూ.

గంగమణి నోరు తెరిచేలోపే వెనక నుంచి మాట వినిపించింది. "కుండి తియ్," అన్నాడు బాలనర్సయ్య. గొంతు సవరించుకుని మళ్ళీ అన్నాడు: "కాళ్ళు పడాలె."

గంగమణి వెనక్కి తిరిగి చూడలేదు. కదిలితే ఫొటో చెడిపోతుందని ఫొటోవాడు అరుస్తున్నాడు. కాని ఆమె మొహంలో ఏదో వెచ్చగా పాకింది. అది ఆమెకే తెలిసింది.

వారం తర్వాత ఫొటో చేతికొచ్చింది. లింగవ్వ కదిలి మసకబారింది. పెద్దవాడు పక్కకు చూస్తున్నాడు. బాలనర్సయ్య ఛాతీ విరిచి, మీసం దువ్వి, సరిగ్గా ఆ క్షణాన కళ్ళు మూసుకున్నాడు.

"ఛ! మల్ల దిగుదాం," అన్నాడు.

గంగమణి ఫొటోను దగ్గరగా పెట్టి చూసింది. నలుపు తెలుపుల్లో ఎరుపు తెలియదు గాని, పసుపు కుట్టు పోగు పోగూ పడింది.

"ఎందుకు? మస్తు వచ్చింది," అని మేకు కోసం వెతకడం మొదలుపెట్టింది.